మట్టి పాదాల మీద పడిన వెలుగు

రోమ్‌లో నవోనా చౌకుకు కూతవేటు దూరంలో సాంత్ అగొస్తీనో చర్చి ఉంది. లోపల ఎడమ పక్క మొదటి ప్రార్థనా మందిరంలో కరవాజ్జో వేసిన ‘లొరెతో మాత’ పటం కనిపిస్తుంది. పెచ్చులూడిన గోడ, గుమ్మం, గుమ్మంలో బిడ్డనెత్తుకుని నిలబడిన స్త్రీ. ఆమె కాళ్లకు చెప్పుల్లేవు. ఎదురుగా ఇద్దరు యాత్రికులు మోకరిల్లి ఉన్నారు, ఒక మగమనిషి, ఒక ముసలావిడ. మగమనిషి అరికాళ్లు మనవైపు తిరిగి ఉన్నాయి, మట్టికొట్టుకుపోయి. ఆ పీఠం ముందు మోకరిల్లే భక్తుడికి పటంలో అన్నిటికంటే దగ్గరగా కనిపించేది మరియమాత ముఖం కాదు, ఆ పాదాలు.

1604, 1606 మధ్య వేసిన ఈ పటాన్ని చూసి మామూలు జనం పెద్ద గోల చేశారని జొవాన్ని బలియోనె రాశాడు. బలియోనె తానూ చిత్రకారుడే. తన పరువు తీసే పద్యాలు ప్రచారం చేశారని 1603లో కరవాజ్జో మీదా, ఆయన స్నేహితుల మీదా దావా వేసినవాడు. అందుకని జనం చేసిన గోల ఈసడింపో, సంబరమో ఆయన మాటను బట్టి తేల్చలేం. పండితులు ఇప్పటికీ రెండు రకాలుగానూ చదువుతున్నారు. పటాన్ని మాత్రం ఎవరూ దించలేదు. నాలుగు వందల ఏళ్లుగా అది ఆ పీఠం మీదే ఉంది.

పదిహేడో శతాబ్దపు యూరప్‌లో దేవుడి కథల్లోకి కూలీలు, ముసలివాళ్లు, వంటమనుషులు, బిచ్చగాళ్లు ఇంత ముందుకు ఎందుకొచ్చారు? సరిగ్గా అదే కాలంలో పటాల్లో చీకటి చిక్కబడి, వెలుగు ఒక్క వైపు నుంచే ఎందుకు పడసాగింది? కళాచరిత్ర పుస్తకాలు ఈ రెంటినీ తరచు వేరువేరు అధ్యాయాల్లో పెడతాయి. మొదటిది మతచరిత్ర, రెండోది శైలి. నాకు ఇవి ఒకే ప్రశ్నగా కనిపిస్తాయి. వెలుగు ఎక్కడి నుంచి వస్తోందో, అది ఎవరి చేతిలో ఉందో చూస్తే, ఆ పటంలో పేదమనిషికి చిత్రకారుడు ఏ స్థానమిచ్చాడో తెలిసిపోతుంది.

మొదటి ప్రశ్నకు అందరూ చెప్పే జవాబు ట్రెంట్ మహాసభ. ప్రొటెస్టెంట్లు చర్చిల్లోంచి పటాలనూ విగ్రహాలనూ తీసేస్తున్న రోజుల్లో, 1563 డిసెంబరులో ముగిసిన ఆ సభ పటాలను సమర్థించింది. వాటి ద్వారా జనానికి విశ్వాసం నేర్పాలనీ, వాటిలో అసభ్యతకూ వింతపోకడలకూ చోటివ్వకూడదనీ తీర్మానించింది. 1582లో బొలోన్యా కార్డినల్ గబ్రియేలె పలేయొత్తి పవిత్ర చిత్రాల గురించి ఒక గ్రంథమే ప్రచురించాడు. చదువురానివారికి బొమ్మే పుస్తకమన్నది ఆయన వాదం. అంతకు ముందే ఇగ్నేషియస్ లొయోలా తన ధ్యాన పద్ధతిలో, సువార్త ఘట్టం జరిగిన చోటును మనసులో చూడమనీ, అక్కడి వాసన, చలి, ధ్వని అనుభవించమనీ నేర్పాడు. ఇన్ని కారణాలున్నాక క్రీస్తు పక్కన మామూలు మనుషులు కనిపించడం సహజమే కదా అనిపిస్తుంది.

ఈ జవాబు తప్పు కాదు, కానీ సగమే. ఏ తీర్మానం పటాలను కోరిందో, అదే తీర్మానం పటాలను తిప్పికొట్టడానికీ పనికొచ్చింది. సాన్ లుయిజీ దెయ్ ఫ్రాంచేజి చర్చి కోసం మత్తయి సువార్త రాస్తున్న పటం కావాలంటే, కరవాజ్జో మొదట ఇచ్చిన పటంలో మత్తయి బట్టతల పల్లెటూరి మనిషిలా ఉన్నాడు. బోసికాలు మీద కాలు వేసుకుని, ఎన్నడూ కలం పట్టనివాడిలా పుస్తకం వంక తెల్లబోయి చూస్తున్నాడు. పక్కన దేవదూత ఆయన చెయ్యి పట్టి అక్షరాలు దిద్దిస్తున్నాడు. ఈ మనిషిలో పునీతుడి పోలికే లేదు, కాళ్లు జనం మొహాన పెట్టాడు అని మతాధికారులు వద్దన్నారని చిత్రకారుల జీవితాలు రాసిన బెల్లోరి చెప్పాడు. మార్కీ విన్చెంజో జుస్తినియాని దాన్ని తీసుకున్నాడు. తర్వాత బెర్లిన్ చేరిన ఆ పటం 1945లో కాలిపోయింది. మనకు మిగిలినవి నలుపు తెలుపు ఫొటోలే. చర్చిలో ఇప్పుడున్నది 1602లో వేసిన రెండో పటం. అందులో మత్తయికి చదువొచ్చు.

‘మరియమాత మరణం’ కథ కూడా ఇలాంటిదే. లాయెర్జియో కెరుబీని అనే న్యాయవాది ట్రస్తేవెరె పేటలోని కర్మెలీయ సన్యాసుల చర్చి కోసం వేయించాడు. ఎర్ర దుస్తుల్లో, ఉబ్బిన కడుపుతో, చాపిన బోసికాళ్లతో ఒక శవం. తీసుకెళ్లడానికి దేవదూతలు రాలేదు, తెరుచుకున్న స్వర్గం లేదు. పాదాల దగ్గర రాగి పళ్లెం, తల వాల్చి ఏడుస్తున్న మగ్దలేనా. చుట్టూ నిలబడ్డ శిష్యుల బట్టతలల మీదుగా జారుతూ వచ్చిన వెలుగు మరియమాత ముఖం మీద ఆగింది. సన్యాసులు దీన్నీ వద్దన్నారు. మోడల్‌గా కూర్చున్నది వేశ్య అని ఆనాటివాళ్లే రాశారు. అప్పుడు రోమ్‌లో ఉన్న చిత్రకారుడు రూబెన్స్ సలహా మీద 1607లో మాంతువా డ్యూక్ కొన్నాడు. బండెక్కించే ముందు ఊళ్లోని చిత్రకారులు చూసుకోవడానికి ఒక వారం ప్రదర్శనకు పెట్టవలసి వచ్చింది. తర్వాత ఇంగ్లండ్ రాజు చార్లెస్ దగ్గరికీ, ఆపైన పద్నాలుగో లూయీ దగ్గరికీ వెళ్లి చివరికి లూవ్ర్ చేరింది.

ఈ రెండు కథల్లోనూ వద్దన్నది మతాధికారులు, డబ్బిచ్చి కొన్నది ప్రభువులు. జనం కోసం వేసిన చిత్రకళ అన్న మాట ఇక్కడ చిక్కుల్లో పడుతుంది. అలాగని జనం లెక్కలోకి రారని కాదు. 1600 జూబిలీ సంవత్సరంలో రోమ్ యాత్రికులతో కిక్కిరిసింది. ఫిలిప్పో నేరి స్థాపించిన త్రినితా దెయ్ పెల్లెగ్రీని సంఘం వారికి తిండి, పడక ఏర్పాటు చేసేది. అక్కడ కార్డినల్‌లు, గొప్పింటివాళ్లు వంగి, నడిచి నడిచి వచ్చినవాళ్ల కాళ్లు కడిగేవారు. ఆ ఏళ్లలో రోమ్‌లో మట్టి పాదానికి ఒక పవిత్రమైన అర్థం ఉంది. కరవాజ్జో దాన్ని ఊహించి తెచ్చిపెట్టలేదు, తన చుట్టూ ఉన్నదాన్నే వేశాడు. వేరొకటీ ఉంది. సంఘంలో కాలు కడిగేవాడి వినయం ప్రధానం, ‘లొరెతో మాత’ పటంలో కడిగేవాడు లేడు. పాదం కడగకుండానే మరియమాత దాకా వచ్చేసింది. నా దృష్టిలో ఆ పటం తెగువ అక్కడుంది.

ఇక చీకటి సంగతి. జూలియో మాంచీని అనే వైద్యుడు ఆనాడే రాసిపెట్టాడు: కరవాజ్జో మార్గంలో వేసేవాళ్లు గోడలు నల్లగా ఉన్న గదిలో, ఎత్తులో ఉన్న ఒకే కిటికీ నుంచి పడుతున్నట్టుగా వెలుగును తీసుకుంటారని. కరవాజ్జో చిత్తుబొమ్మ అని నిశ్చయంగా చెప్పగలిగింది ఒక్కటీ దొరకలేదు. మోడల్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, కాన్వాసు మీద తడి పూతలో గీతలు గీసి స్థానాలు గుర్తుపెట్టుకుని, తిన్నగా రంగుల్లోకి దిగేవాడు. ముందుగా పూసిన ముదురు గోధుమ పూతను చాలాచోట్ల అలాగే నీడగా వదిలేశాడు. ఇలా పనిచేసేవాడి కంటికి గోళ్ల కింద మట్టి కనిపించక మానదు. గదిలో ఒకే వెలుగు, ఎదుట ఒక మనిషి, దిద్దడానికి మధ్యలో చిత్తుప్రతి లేదు. పునీతుడి ముఖం ఎలా ఉండాలని అనుకుంటారో అలా సవరించే దశ ఈ పద్ధతిలో తగ్గిపోయింది. అందుకే చీకటిని శైలి అనీ, పేదవాణ్ణి విషయమనీ విడదీయడానికి నాకు మనసొప్పదు. రెండూ ఆ గదిలో ఒకే నిర్ణయం నుంచి పుట్టాయి.

కరవాజ్జోకు ముందు రాత్రి పటాలు లేవని కాదు. సవోల్దో, బస్సానో కుటుంబం, అంతోనియో కాంపి ఉత్తర ఇటలీలో చీకటిని బాగా వాడారు. కొర్రెజ్జో 1530 ప్రాంతంలో వేసిన ‘పవిత్ర రాత్రి’లో వెలుగు బాలయేసు ఒంటి నుంచే వస్తుంది. ఆ వెలుగుకు కళ్లు చిట్లించుకునే గొల్లలూ ఉన్నారు. కానీ అక్కడ దేవుడే దీపం, పేదలు ఆ దీపం దగ్గర చేరినవాళ్లు. కరవాజ్జో ఈ సంబంధాన్ని తెంచాడు.

‘మత్తయికి పిలుపు’ చూడండి. 1599, 1600లలో వేసినది. సుంకం వసూలు చేసేవాళ్లు బల్ల చుట్టూ డబ్బు లెక్కపెట్టుకుంటున్నారు. కుడి అంచున క్రీస్తు వచ్చి చెయ్యి చాపాడు. ఆయన ఒళ్లు చాలావరకు నీడలో ఉంది. వెలుగు ఆయన నుంచి రాలేదు, ఆయన తలపై నుంచి, చట్రం బయట ఎక్కడి నుంచో వచ్చింది. గోడకు కిటికీ వేశాడు గానీ దానిలోంచి వెలుగు రాదు. చిత్రంగా, ఈ పటమున్న ప్రార్థనా మందిరంలో బలిపీఠం పైనున్న అసలు కిటికీ ఉన్న వైపు నుంచే పటంలోనూ వెలుగు పడుతుంది. అంటే చూసేవాడి మీద పడే పగటి వెలుతురే సుంకరుల మీదా పడుతున్నట్టు. వాళ్లలో మత్తయి ఎవరన్న వాదన ఇంకా తెగలేదు. ‘నన్నా?’ అన్నట్టు వేలు చూపుతున్న గడ్డం మనిషా, తల ఎత్తకుండా నాణేలు లెక్కపెడుతున్న బల్ల చివరి కుర్రాడా? ఈ సందేహం పటానికి లోపం కాదు. వెలుగు అందరి మీదా పడింది, ఎవరు లేస్తారో ఇంకా తెలియని క్షణం అది.

హత్యానేరంతో రోమ్ విడిచి పారిపోయాక, నేపుల్స్‌లో 1607 నాటికి వేసిన ‘ఏడు దయాకార్యాలు’ పటంలో సందు ఇరుకు, మనుషులు ఎక్కువ. చనిపోయినవారిని పూడ్చిపెట్టడం ఒక దయాకార్యం. అక్కడ శవాన్ని మలుపు తిప్పి తీసుకెళ్తుంటే మనకు కనిపించేవి రెండు పాదాలే. ఎవరి శవమో అక్కర్లేదు. ఒక పురోహితుడు కాగడా ఎత్తి పట్టుకున్నాడు. ఆ పటం వేయించుకున్న దాతృత్వ సంస్థ పియో మోంతె దెల్లా మిసెరికోర్దియా దాన్ని ఇప్పటికీ తన చర్చిలోనే ఉంచుకుంది. 1609లో మెస్సీనాలో కపుచిన్ సన్యాసుల కోసం వేసిన ‘గొల్లల ఆరాధన’ ఇంకా బీదది. మరియ నేల మీద, పశువుల తొట్టికి ఆనుకుని పడుకుంది. పక్కన వడ్రంగి పనిముట్లు, రొట్టె ఉన్న బుట్ట. పైన సగం పటం ఖాళీ, పాకలోని చీకటి. దేవదూతలకు అందులో పాత్ర లేదు. ఆయన వేసినవాటిలో నాకు అన్నిటికంటే నిజమైనదిగా తోచేది ఇదే.

1610లో ముప్పై ఎనిమిదేళ్లకే కరవాజ్జో పోయాడు. ఆయనకు శిష్యులు లేరు, అనుకరించినవాళ్లు కొల్లలు. ఉత్రెఖ్త్ నుంచి వచ్చిన హోంట్‌హోర్స్ట్ కొవ్వొత్తిని పటం లోపలికి తెచ్చి ఎంత పేరు పొందాడంటే, ఇటలీలో ఆయన్ను రాత్రుల గెరార్దో అనేవారు. అతనిలో పనితనం గొప్పది. కొన్నిచోట్ల మాత్రం వెలుగే వేడుకైపోయి మనుషులు దానికి సాకుగా మిగిలారని నాకనిపిస్తుంది. అర్తెమీజియా జెంటిలెస్కి అలా కాదు. కరవాజ్జో ‘యూదితు’ పటంలో ముసలి దాసి సంచీ పట్టుకుని కళ్లప్పగించి చూస్తుంది. అర్తెమీజియా పటాల్లో దాసి వయసులో ఉంది, ఆమె చేతుల నిండా పనుంది. యూదితు తల నరుకుతున్న హోలోఫెర్నెస్‌ను మంచానికి అదిమి పట్టేది ఆమే. యజమానురాలి మీద ఎంత వెలుగు పడిందో ఆమె మీదా అంత పడింది.

వెలుగును పేదవాళ్ల చేతికే ఇచ్చినవాడు లొరేన్ ప్రాంతపు జార్జ్ ద లా తూర్. ‘వడ్రంగి యోసేపు’ పటంలో ముసలి యోసేపు వంగి దూలానికి బెజ్జం వేస్తుంటే, పక్కన కూర్చున్న పిల్లవాడు కొవ్వొత్తి పట్టుకున్నాడు. మంటకు అడ్డుపెట్టిన అరచేతి వేళ్లు ఎర్రగా, లోపలి రక్తం కనిపిస్తుందేమో అన్నట్టు వెలుగుతున్నాయి. ఆ పిల్లవాడు యేసు. తలచుట్టూ కాంతివలయం లేదు, తండ్రి పనికి దీపం పట్టడమే ఆయన చేస్తున్నది. రెన్‌లో ఉన్న ‘నవజాత శిశువు’లో బైబిలు కథ అని పట్టించే గుర్తులూ లేవు. ఇద్దరు ఆడవాళ్లు, గుడ్డల్లో చుట్టిన పసిగుడ్డు, చేత్తో మరుగుచేసిన దీపం. అది మరియమాతా, ఏదైనా పల్లెలో బాలింతా అని అడిగితే పటం జవాబు చెప్పదు. ముప్పై ఏళ్ల యుద్ధంలో ఆ ప్రాంతం నాశనమైంది. లా తూర్ ఉన్న లునేవిల్ పట్టణాన్ని 1638లో తగలబెట్టారు. ఇంత మృదువైన పటాలు వేసిన మనిషి మృదువైనవాడేమీ కాదు. రొట్టెలు చేసేవాడి కొడుకుగా పుట్టి, గొప్పింటి సంబంధం చేసుకుని, పన్నులు కట్టనని మొండికేశాడు. వేటకుక్కలను పెంచి పొలాలు తొక్కిస్తున్నాడని 1646లో ఊరివాళ్లు అతని మీద ఫిర్యాదు చేశారు. పేదలను ప్రేమగా వేసినవాడు పేదల పక్షాన నిలిచాడని అనుకోవడానికి వీల్లేదని లా తూర్ జీవితం హెచ్చరిస్తుంది. పోయాక పూర్తిగా మరుగునపడిన అతన్ని 1915లో జర్మన్ పండితుడు హెర్మన్ ఫాస్ వెలికితీశాడు.

స్పెయిన్ వాళ్ల దగ్గర వెలుగు తీరు వేరు. నేపుల్స్‌లో స్థిరపడ్డ రిబేరా వీధిలోని ముసలివాళ్లను అపొస్తలులుగా నిలబెట్టాడు. ముడతలు ఎటు తిరిగితే అటే కుంచెను నడిపి, రంగును మందంగా పేర్చి, చర్మాన్ని చర్మంలాగే వేశాడు. జుర్బరాన్ 1628లో వేసిన పునీత సెరాపియన్ చిత్రహింసలు పడి చనిపోయినవాడు. పటంలో రక్తం లేదు. చేతులు కట్టేసి ఉన్నాయి, తల వాలిపోయింది, తెల్లటి అంగీ మీద వెలుగంతా నిలిచింది. సెవిల్లెలో ఒక మఠంవాళ్లు చనిపోయిన తమ సోదరులను ఖననానికి ముందు ఉంచే గది కోసం వేయించారు. చూసేవాళ్ల మధ్య శవం, గోడ మీద ఈ పటం. 1649 ప్లేగులో సెవిల్లె జనాభాలో దాదాపు సగం పోయాక, మురియో పటాల్లో పేదలకు పుండ్లు ఉన్నాయి గానీ చుట్టూ మెత్తని పొగమంచు లాంటి వెలుగు వచ్చింది. అందులో ఓదార్పు ఉంది, కరవాజ్జో ఇచ్చిన ఉలికిపాటు లేదు.

వెలాస్కెజ్ యవ్వనంలో వేసిన రెండు వంటింటి పటాల దగ్గర మాత్రం ఆగాలి. 1618 నాటి ‘మార్త, మరియల ఇంట క్రీస్తు’లో ముందు నిండా వంటింటి బల్ల: చేపలు, గుడ్లు, వెల్లుల్లి, ఎండుమిరపకాయ. రోట్లో నూరుతున్న పనిపిల్ల కళ్లలో నీళ్లు తిరుగుతున్నట్టున్నాయి. క్రీస్తు వెనక, గోడకున్న చిన్న చట్రంలో కనిపిస్తాడు. డబ్లిన్‌లో ఉన్న రెండో పటంలో ఆఫ్రికా మూలాలున్న పనిమనిషి గిన్నెల మీదికి వంగి ఉంది. అది వంటింటి పటమనే చాలాకాలం అనుకున్నారు. 1933లో శుభ్రం చేస్తే పై మూలన రంగు కింద ఎమ్మాయు విందు బయటపడింది. పక్క గదిలో పునరుత్థానుడైన క్రీస్తు రొట్టె ముట్టుకుంటున్నాడు, ఇక్కడ ఆమె ఆగి వింటోంది. ఆనాటి సెవిల్లెలో ఎందరో బానిసలు ఉండేవారు. ఇత్తడి కల్వం మీద, మూకుడు అంచు మీద, ఆమె తలపాగా మీద పడ్డ వెలుగు క్రీస్తు మీద పడ్డదానికంటే స్పష్టంగా ఉంది. వచ్చినది క్రీస్తని శిష్యులకు తెలియకముందే ఆమెకు తెలిసిందని నేను ఆ పటాన్ని చదువుకుంటాను.

పటాలకు చర్చిలో చోటులేని హాలండ్‌లో రెంబ్రాంట్ ఇదే విందును చాలాసార్లు వేశాడు. 1628 ప్రాంతంలో వేసిన చిన్న పటంలో క్రీస్తు వెలుగుకు అడ్డంగా కూర్చుని నల్లటి నీడగా కనిపిస్తాడు. వెనక వంటింట్లో ఇంకో మసక దీపం దగ్గర పనిమనిషి ఏమీ పట్టకుండా తన పనిలో ఉంది. ఇరవై ఏళ్ల తర్వాత, 1648 నాటి పటంలో ఆ నాటకీయత తగ్గింది. వడ్డించే కుర్రాడు పళ్లెంతో నిలబడి ఉంటాడు, వెలుగు బల్లగుడ్డ మీద నెమ్మదిగా పరుచుకుంటుంది. చివరి రోజుల్లో వేసిన ‘తప్పిపోయిన కుమారుడి రాక’లో కొడుకు గుండు తల తండ్రి రొమ్ములో దాగింది. చెప్పు జారిపోయిన ఎడమ అరికాలు మనవైపు ఉంది. ఇటలీకి ఎన్నడూ వెళ్లని రెంబ్రాంట్ ఆ పాదాన్ని సాంత్ అగొస్తీనోలో చూసి ఉండడు. ఇంకో సంగతి మనకు దగ్గరిది. ఆయన మొఘల్ చిత్రాలకు ఇరవైకి పైగా నకళ్లు గీసుకున్నాడు. చెట్టు కింద కూర్చున్న నలుగురు పెద్దల బొమ్మ వాటిలో ఒకటి. 1656లో అబ్రాహాము ఇంటికి దేవుడూ దేవదూతలూ వచ్చిన ఘట్టాన్ని రాగిరేకు మీద చెక్కినప్పుడు ఆ కూర్పునే వాడుకుని, వచ్చినవాళ్లను నేల మీద కూర్చోబెట్టి భోజనం పెట్టించాడు.

1672లో బెల్లోరి, ప్రకృతిలో శ్రేష్ఠమైనదాన్ని ఏరుకోకుండా ఎదురుపడ్డదల్లా వేశాడని కరవాజ్జోను తప్పుపట్టాడు. ఆ మాట దాదాపు మూడు వందల ఏళ్లు నిలిచింది. 1951లో రొబెర్తో లొంగి మిలాన్‌లో పెట్టిన ప్రదర్శన దాన్ని తిరగేసింది. అప్పటి నుంచి కరవాజ్జోను పేదల చిత్రకారుడనడం రివాజైంది. రెండు మాటలూ నన్ను తృప్తిపరచవు. బెల్లోరి ఏరుకోలేదన్న చోటే ఏరిక జరిగింది: ఏ ముఖాన్ని వెలుగులో ఉంచాలి, ఏ కిరీటాన్ని చీకట్లో వదిలేయాలి అన్నది. మరోవైపు, మోడల్‌గా కూర్చున్నవాళ్లకు ఆ పటాల వల్ల వచ్చిన కీర్తి ఏమీ లేదు. పటాలు ప్రభువుల ఇళ్లకు చేరాయి, కూర్చున్నవాళ్లలో చాలామంది పేర్లు కూడా మిగల్లేదు. వాళ్లను చీకట్లోంచి పైకి తెచ్చిన చెయ్యి వాళ్లది కాదు.

ఒక్కరి విషయంలో అది వాళ్లదే అయింది. హువాన్ దె పరేహా వెలాస్కెజ్ ఇంట బానిస, ఆయన వర్క్‌షాపులో సహాయకుడు. 1650లో రోమ్‌లో వెలాస్కెజ్ అతని చిత్రం వేశాడు. అదే ఏడు, ఇంకో నాలుగేళ్లు సేవ చేయాలన్న షరతుతో, విడుదల పత్రం రాశాడు. 1661లో పరేహా సొంతంగా ఒక పెద్ద పటం వేశాడు. విషయం ‘మత్తయికి పిలుపు’. ఇప్పుడు ప్రాదోలో ఉంది. చీకటి గది, ఒక్క వైపు నుంచి పడే వెలుగు, మట్టి పాదాలు అతను తీసుకోలేదు. హాలంతా వెలుతురే, మంచి బట్టలు, రంగురంగుల తివాచీ పరిచిన బల్ల. ఎడమ చివర పరేహా తానే నిండైన దుస్తుల్లో నిలబడి మనవంక చూస్తున్నాడు, చేతిలో సంతకం చేసిన కాగితం. ఆనాటి మాడ్రిడ్‌లో వెనిస్ రంగుల మోజు పెరగడం దీనికి కొంత కారణం. అదొక్కటే కారణమని నేననుకోను. ఒంటి వెలుగు పేదవాడికి గౌరవమిచ్చిందని వాదించే మనం, ఆ వెలుగులో నిలబెట్టదగ్గ మనిషి తనకు తాను బొమ్మ వేసుకునే రోజు వచ్చినప్పుడు నిండు వెలుతురునూ తన సంతకాన్నీ ఎంచుకున్నాడన్న సంగతిని కూడా ఆ వాదనలో కలుపుకోవాలి.